ఆ పాత కారు బంపర్ ఒరిజినలేనా? మెరుపు చూసి మోసపోవద్దు.. వెనక్కి తిప్పి చూస్తేనే అసలు సంగతి!

విజయవాడ (పటమట): తాతగారి అంబాసిడర్‌కు మళ్లీ ప్రాణం పోయించాలని ఒకరు, ఎప్పుడో అమ్మేసిన ఫియట్ లాంటిదే ఇంకోటి కొనాలని మరొకరు.. పాత కారు మోజు పట్టిందంటే కృష్ణా జిల్లాలో ఎవరైనా చివరికి చేరేది పటమట పక్కనున్న జవహర్ ఆటోనగర్‌కే. లారీ బాడీల దగ్గర్నుంచి చిన్న నట్టు దాకా అక్కడ దొరకని సామాను లేదంటారు. దొరకడం వరకు నిజమే. దొరికింది అసలుదా, కాదా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

పాత కారు కొనేవాళ్లు ఇంజిన్ నంబర్ చూస్తారు, ఛాసిస్ నంబర్ చూస్తారు, డోర్ల కింద తుప్పు తడిమి చూస్తారు. బంపర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "తళతళలాడుతోందిగా, ఇంకేం కావాలి" అని వదిలేస్తారు. నిజానికి కారులో అందరికంటే ముందు దెబ్బ తినేది బంపరే. నాలుగు బోల్టులు విప్పితే ఊడి వచ్చేదీ అదే. అందుకే ఎక్కువసార్లు మార్చేసేదీ అదే. యాభై ఏళ్లు రోడ్డు మీద తిరిగిన బండికి అద్దంలా మెరిసే బంపర్ ఉందంటే, ఆ మెరుపును సాక్ష్యంగా కాదు, అనుమానంగా చూడాలి.

"ఒరిజినల్" అని చెప్పి డూప్లికేట్ అంటగడితే పోయేది డబ్బే, తర్వాతైనా సంపాదించుకోవచ్చు. దీనికి తిరగేసిన నష్టం ఇంకోటి ఉంది. సొట్టలు పడి, తుప్పు పట్టిన అసలు బంపర్‌ను పనికిరాదని తుక్కులో వేసి, దాని బదులు మెరిసే కొత్తది బిగించుకోవడం. ఆ పోయినది మళ్లీ రాదు. పాత కార్ల విషయంలో రెండో తప్పే ఎక్కువగా జరుగుతోంది.

అసలు బంపర్లు ఎందుకంత తక్కువ?

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లే లాంటి కార్లను విడిభాగాలుగా తెచ్చి ఇక్కడే బిగించి అమ్మేది. ఇక్కడే తయారు చేసే కంపెనీలకే చోటు అని 1950ల మొదట్లో కేంద్రం తేల్చి చెప్పడంతో 1954లో ఆ కంపెనీ దుకాణం కట్టేసింది. తర్వాత విదేశీ సామాను దిగుమతి గగనమైపోయింది. అప్పటికే రోడ్ల మీద ఉన్న షెవర్లేలు, బ్యూక్‌లు, మోరిస్‌లు ఉన్నట్టుండి అనాథలయ్యాయి. గ్రిల్ విరిగినా, బంపర్ వంగినా కొత్తది తెప్పించుకునే దారి లేదు. మరి బండ్లు ఆగాయా? ఆగలేదు. టింకరింగ్ మేస్త్రీ రేకు కోసి, సుత్తితో కొట్టి, వెల్డింగ్ పెట్టి బంపర్ చేసిచ్చాడు. నికెల్ పాలిష్ కొట్టించి బిగించేశారు. ఆ పనితనాన్ని తక్కువ చేయడానికి లేదు. కాకపోతే అది మేస్త్రీ బంపర్, కంపెనీ బంపర్ కాదు.

ఆ తర్వాత మూడు దశాబ్దాలు మనకు దక్కిన కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేవే. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్, ముంబై ప్రీమియర్ వాళ్ల ఫియట్ 1100 (తర్వాత అదే పద్మిని), మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్. వీటికి సామాను దొరికేది గానీ, కంపెనీ సామానుతో పాటే లోకల్ సామానూ అదే కౌంటర్ మీద ఉండేది. ట్యాక్సీ ఓనర్‌కు కావాల్సింది చవక, మన్నిక. బంపర్ మీద కంపెనీ గుర్తు ఉందా లేదా అని అడిగినవాడు లేడు.

దీనికి తోడు మన దగ్గర మరో అలవాటు. బండి షోరూం నుంచి రాగానే ముందూ వెనకా ఇనప పైపులతో గార్డులు కొట్టించడం. వాటికోసం బంపర్‌కు కన్నాలు పొడిచేవాళ్లు. ఫాగ్ ల్యాంపులకు రెండు కన్నాలు, నంబర్ ప్లేటుకు రెండు, క్లబ్బు బ్యాడ్జీకి ఒకటి. అసలు బంపరే అయినా, జల్లెడలా తయారై ఉంటుంది. అలాంటిది చూసి ముఖం తిప్పుకోకండి. ఎందుకో కింద చెప్పుకుందాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ ఏడాది బండి?

ఒరిజినల్ అంటే పాతది అని కాదు. ఆ మోడల్‌కు, ఆ ఏడాదిలో కంపెనీ బిగించి పంపినది అని అర్థం. పాత బంపర్ అయినంత మాత్రాన మీ బండికి అది ఒరిజినల్ అయిపోదు.

అంబాసిడర్‌నే తీసుకోండి. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని ఆధారం చేసుకుని 1950ల చివర్లో వచ్చింది మార్క్ 1. 1960ల మొదట్లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4, 1990లో నోవా. 2003లో వచ్చిన గ్రాండ్‌కైతే బాడీ రంగులోనే బంపర్లు. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగిపోయే దాకా దూరం నుంచి చూస్తే బండి ఆకారం ఒకటే. దాంతో ఒకదాని సామాను ఇంకోదానికి ఎక్కించడం మెకానిక్‌లకు చిటికెలో పని. మార్క్ 2కు మార్క్ 4 ముందు భాగం మొత్తం ఎక్కించి "అప్‌డేట్" చేయించుకున్న ఓనర్లు ఆ రోజుల్లో తక్కువేం కాదు. అప్పట్లో అది గొప్ప, ఇప్పుడు అదే తలనొప్పి.

కాబట్టి ముందు ఆర్సీ పుస్తకం తీయండి. తయారైన ఏడాది, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. ఆ తర్వాత ఆ మోడల్ పార్ట్స్ క్యాటలాగ్ సంపాదించండి. ప్రతి భాగాన్నీ విడదీసి బొమ్మగా గీసి, పక్కన నంబర్ వేసే పుస్తకం అది. బంపర్ ఒకే ముక్కా, మూడు ముక్కల్ని బోల్టులతో కలిపారా, బంపర్ మీద నిలువుగా కూర్చునే దిమ్మెలు (ఓవర్‌రైడర్లు) ఉన్నాయా, పట్టీలు ఎన్ని.. అన్నీ ఆ బొమ్మలో తెలిసిపోతాయి.

క్యాటలాగ్ దొరకలేదా? ఇంట్లో బీరువా తెరవండి. 1960లు, 70ల నాటి పెళ్లి ఆల్బమ్‌ను మించిన సాక్ష్యం ఉండదు. మండపం ముందు కారు, కారు పక్కన బావమరుదులు నిలబడి తీయించుకున్న ఫొటో లేని ఇల్లు అరుదు. కాకపోతే బంపర్ మీద బంతిపూల దండలు వేలాడుతుంటాయి, అదొక్కటే ఇబ్బంది. ఆ నాటి సినిమాల్లోనూ అంబాసిడర్లు, ఫియట్‌లు బోలెడు. విడుదలైన ఏడాది తెలుసు కాబట్టి, సీన్ ఆపి బంపర్ చూసుకోవచ్చు. షూటింగ్ కారుకూ బంపర్ మార్చి ఉండొచ్చు కనుక రెండు మూడు సినిమాల్లో ఒకేలా ఉంటేనే నమ్మండి.

ఇంకా పాత బండ్ల దగ్గర లెక్క మారిపోతుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వాడిన 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆ కాలం కార్లకు కంపెనీ బంపర్ అనేదే లేదు. అమెరికాలో సైతం బంపర్ మామూలు విషయం కావడానికి 1920లు రావాల్సి వచ్చింది. అలాంటి కారుకు ఎవరైనా మెరిసే బంపర్ తగిలిస్తే అది అలంకారమే, రీస్టోరేషన్ కాదు. పూత విషయమూ అంతే. 1920ల చివరి దాకా కార్లకు నికెల్ పూతే ఉండేది. కాస్త పసుపు ఛాయతో, వెచ్చగా కనిపిస్తుంది. నీలి ఛాయతో చల్లగా మెరిసే క్రోమ్ ఆ తర్వాతే వచ్చింది. 1925 బండికి క్రోమ్ బంపర్ కనిపిస్తే, మధ్యలో ఎవరో చేయి పెట్టారన్నమాటే.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, చూడ్డానికి తప్పులా ఉండి నిజంగా ఒరిజినల్ అయినవీ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఉక్కు కొరతతో అమెరికాలో కొన్ని కార్లు బంపర్ స్థానంలో చెక్కతో కస్టమర్‌కు చేరాయి. కొరియా యుద్ధం నాటికి నికెల్ కొరత. 1952 ప్రాంతపు అమెరికన్ కార్ల క్రోమ్ త్వరగా పాడైపోయిందని పేరు పడింది అందుకే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు 1968 మోడల్ నుంచి గుండ్రటి బంపర్ పోయి నలుచదరపు అంచు బంపర్ వచ్చింది. 1973 నుంచి అమెరికా ప్రభుత్వం గుద్దుకున్నా దెబ్బతినని బంపర్లు ఉండాలని రూల్ పెట్టడంతో అక్కడికి పంపే కార్లకు బరువైన, ముందుకు పొడుచుకొచ్చిన బంపర్లు బిగించారు. అదే కారు యూరప్‌లో అమ్మితే బంపర్ సన్నగా ఉండేది. విదేశాల నుంచి ఇక్కడికి చేరిన బెంజ్ లాంటి బండి అయితే, అది మొదట ఏ దేశానికి అమ్ముడైందో తెలియకుండా బంపర్ మీద తీర్పు చెప్పలేం.

బంపర్ మొహం కాదు, వీపు చూడాలి

ఇప్పుడు అసలు పని. షాపులో బంపర్‌ను ముందువైపు నుంచి చూపిస్తారు. మీరు తిప్పి చూడండి. ముందువైపు ఏ పాలిషింగ్ షాపు వాళ్లైనా మాయ చేయగలరు. వెనకవైపు ఎవరూ పట్టించుకోరు కనుక నిజం అక్కడే మిగిలి ఉంటుంది.

కంపెనీ బంపర్‌ను పెద్ద ప్రెస్సులో అచ్చు పెట్టి ఒత్తుతారు. అందుకే వంపు ఎడమవైపు ఎలా ఉంటే కుడివైపూ అలాగే ఉంటుంది. మడత అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పులో సాగుతుంది. చేత్తో చేసినదాంట్లో వెనకాల సుత్తి దెబ్బల గుంటలు వరసగా చేతికి తగులుతాయి. మూలల దగ్గర రేకు ఒక్కసారిగా అంత వంపు తిరగదు కాబట్టి ముక్కలుగా కోసి వెల్డింగ్ పెడతారు. ముందువైపు ఆ అతుకును రుద్ది మాయం చేసినా, వెనక గీతలా మిగులుతుంది. అట్టముక్క మీద ఒక చివర వంపు గీసుకుని, దాన్ని తిరగేసి రెండో చివర పెట్టి చూడండి. ఖర్చు లేని పరీక్ష, చాలాసార్లు ఇదొక్కటే చాలు.

వెనకవైపు పూత కూడా కథ చెబుతుంది. చాలా కార్లలో కంపెనీ ముందువైపే నునుపుగా పాలిష్ చేసి, వెనకవైపు గరుకుగా వదిలేసి, తుప్పు పట్టకుండా వెండి రంగు పెయింట్ కొట్టేది. రెండు వైపులా అద్దంలా ఉన్న బంపర్ అంటే అది ఈ మధ్య తయారైనదో, లేదా చాలా ఖర్చు పెట్టి పూత వేయించినదో అయి ఉండాలి. పార్ట్ నంబరో, కంపెనీ గుర్తో అచ్చు గుద్ది ఉంటే మంచిదే. లేకపోతే మాత్రం నకిలీ అని తేల్చేయకండి. పాలిషింగ్‌లో, తుప్పులో ఆ గుర్తులు అరిగిపోవడం మామూలే. గుర్తు ఉన్నా సరే, అదొక్కటే పట్టుకుని నమ్మేయకూడదు. అక్షరాలు గుద్దే పంచ్‌లు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి.

తుప్పునూ చదవొచ్చు. నిజమైన పాత తుప్పు ఒకేలా ఉండదు. నీళ్లు నిలిచే కింది మడతలో పొరలు పొరలుగా, బోల్టు చుట్టూ వలయంలా, పై భాగంలో చుక్కలు చుక్కలుగా ఉంటుంది. యాసిడ్ పూసి తెప్పించిన తుప్పు అంతటా ఒకే ఎరుపులో పైపైన ఉంటుంది, గోరుతో గీకితే లేస్తుంది. మన డెల్టా గాలిలో తేమ సంగతి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండి అయితే బంపర్ మడతలో ఎండిన బురద ఇప్పటికీ ఉండొచ్చు. దాన్ని వెంటనే కడిగించండి, బురద తేమను పట్టి ఉంచి లోపల్నుంచి తినేస్తుంది.

అయస్కాంతం నమ్మకమైందే, కానీ సగమే చెబుతుంది

"అయస్కాంతం పెట్టండి, అంటుకుంటే ఒరిజినల్" అని చాలామంది చెబుతారు. ఇందులో సగమే నిజం.

అంబాసిడర్, ఫియట్ లాంటి కార్ల పాత బంపర్లు మామూలు ఉక్కు మీద నికెల్, క్రోమ్ పూత వేసినవి. అయస్కాంతం గట్టిగా పట్టేస్తుంది. ఇప్పుడు కొత్తగా చేస్తున్న నకలు బంపర్లు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. వియత్నాంలో తయారైన ఇలాంటి బంపర్లు ప్రపంచమంతా పాత కార్ల బజారులో అమ్ముడవుతున్నాయి. తుప్పు పట్టవు, తుడిస్తే చాలు. వాటిని నకలు అని చెప్పే అమ్మితే తప్పేం లేదు కూడా. వంటింటి గిన్నెలకు వాడే రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకోదు, లేదా వంపు తిరిగిన చోట మాత్రమే కాస్త లాగినట్టు ఉంటుంది. ఉక్కు బంపర్ ఉండాల్సిన బండికి అయస్కాంతం జారిపోతోందంటే అది కంపెనీది కాదు, అనుమానం అక్కర్లేదు.

అంటుకుంటే? ఏమీ తేలలేదన్నమాట. ఎందుకంటే ఆటోనగర్‌లో రేకు కొట్టి చేసిన లోకల్ బంపర్ కూడా ఉక్కే, అదీ అంటుకుంటుంది. స్టెయిన్‌లెస్‌లోనూ అయస్కాంతం పట్టే రకాలున్నాయి. కాబట్టి అయస్కాంతం "ఇది కాదు" అని చెప్పగలదు గానీ, "ఇదే" అని చెప్పలేదు.

అయస్కాంతానికి ఇంకో మంచి వాడకం ఉంది. బంపర్ పొడవునా మెల్లగా జరుపుతూ వెళ్లండి. ఒక చోట పట్టు తగ్గిందంటే అక్కడ ఉక్కు బదులు ఇంకేదో నింపారు. పైన ఉన్నది నిజమైన క్రోమ్ పూత అయితే లోపల లప్పం ఉండే అవకాశం లేదు. కరెంటు పారని చోట ఆ పూత పట్టదు. ఇత్తడో, సీసమో, రాగో పోసి గుంట పూడ్చి ఉంటారు, అది పద్ధతైన రిపేరే. అలా కాక లప్పం మీద వెండి మెరుపు స్ప్రే కొట్టి ఉంటే మాత్రం జాగ్రత్త. ఎవరికీ కనిపించని వెనక మూలలో గోరుతో గీస్తే పొర లేచి వస్తుంది. మెరుపులోని ఛాయ కూడా పట్టిస్తుంది. తెల్ల కాగితం పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. క్రోమ్ నీలిగా, స్టెయిన్‌లెస్ కాస్త మసకగా, పసుపు బూడిద ఛాయలో కనిపిస్తాయి.

కన్నాలు, పట్టీలు, వాషర్లు

కంపెనీ కన్నం ప్రెస్సులో పొడిచింది. చాలా బంపర్లలో బోల్టు తల గుండ్రంగా, మెడ నలుచదరంగా ఉంటుంది. కన్నం కూడా చతురస్రంగా, అంచు చక్కగా ఉండాలి. డ్రిల్లుతో వేసిన గుండ్రటి కన్నం, చుట్టూ లేచిన ఇనుప రజను అంచు కనిపిస్తే అది తర్వాత పెట్టింది. కొన్ని బండ్లలో హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేయడానికి బంపర్‌లోనే కన్నం ఉంటుంది. పాత ల్యాండ్ రోవర్ అలాంటిదే. ఆ కన్నం లేకపోతే అనుమానించాలి. ఉండకూడని కన్నం ఉంటే గార్డు కథో, ఫాగ్ ల్యాంపు కథో అయి ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. కన్నాలు లేని బంపర్ బాగుంది, కన్నాలున్నది బాగాలేదు అనుకుంటారు. నిజానికి చతురస్రపు కంపెనీ కన్నాలతో పాటు నాలుగు అడ్డదిడ్డపు డ్రిల్ కన్నాలున్న బంపర్ ఒరిజినల్ అయ్యే అవకాశమే ఎక్కువ. మన రోడ్ల మీద, మన ఓనర్ల చేతుల్లో బతికినది అది. ఆ కన్నాలు పూడ్చించుకోవచ్చు. కంపెనీ అచ్చును మాత్రం ఇప్పుడు ఎవరూ పుట్టించలేరు.

చివరి పరీక్ష బండికి పెట్టి చూడటం. బంపర్‌ను ఛాసిస్‌కు కలిపే ఇనుప పట్టీలు ఉంటాయి. అసలు పట్టీ, అసలు బంపర్ అయితే బోల్టులు బలవంతం లేకుండా దిగుతాయి. బాడీకీ బంపర్‌కీ మధ్య సందు రెండు పక్కలా సమానం. ఒక వైపు రెండు వేళ్ల సందు, ఇంకో వైపు అరవేలు, మధ్యలో నాలుగైదు వాషర్లు పెట్టి సర్దారంటే ఏదో ఒకటి తేడా. ఆ తేడా బంపర్‌దే అని తీర్పు ఇవ్వకండి. ఎప్పుడో గుద్దుకుని ఛాసిస్ కొమ్మే వంగి ఉండొచ్చు, అది బంపర్ కంటే పెద్ద సమస్య. అలాగే బరువు. అదే మోడల్ ఒరిజినల్ బంపర్ ఒకటి తెలిసినవాళ్ల దగ్గర ఉంటే రెండింటినీ తక్కెడలో వేయించండి. రేకు పలచన చేసి కొట్టినది ఆ తూకంలో దొరికిపోతుంది.

జీపుల దగ్గర మెరుపు గొడవ లేదు, అంతా పెయింటే. రెండో ప్రపంచ యుద్ధపు జీపులను విల్లీస్, ఫోర్డ్ రెండు కంపెనీలూ ఒకే నమూనాలో చేశాయి. ఫోర్డ్ మాత్రం తన జీపు భాగాల మీద, బోల్టు తలల మీద సైతం 'ఎఫ్' అక్షరం వేసింది. బంపర్ బోల్టు మీద ఆ అక్షరం కనిపిస్తే సంతోషించాల్సిందే. అదే బోల్టు విల్లీస్ జీపుకు కనిపిస్తే మాత్రం, ఏదో మిలిటరీ వర్క్‌షాపులోనే రెండు బండ్ల సామాను కలిసిపోయిందని అర్థం. మన దగ్గర మహీంద్రా చేసిన జీపులకు యుద్ధపు జీపు బంపర్ తగిలించి "మిలిటరీ బండి" అని అమ్మేవాళ్లూ ఉన్నారు, చూసుకోవాలి.

పూత వేయించేటప్పుడే ఎక్కువ ప్రమాదం

అసలు బంపర్ దొరికింది, సొట్టలున్నాయి. ప్లేటింగ్‌కు ఇస్తారు. దాన్ని ఒరిజినల్‌గా ఉంచేదీ, చంపేదీ ఈ దశే.

క్రోమ్ బంపర్ మెరుపంతా క్రోమ్‌ది కాదు. పైన ఉండే క్రోమ్ పొర సాధారణంగా ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తుప్పును ఆపేదీ, అద్దంలాంటి నునుపు ఇచ్చేదీ దాని కింద ఉన్న నికెల్, దాని కింద వేసే రాగి. పద్ధతిగా చేసే చోట పాత పూతను తీసేసి, సొట్టలు సరిచేసి, రాగి వేసి రుద్ది, మళ్లీ రాగి వేసి రుద్ది, ఆ పైన నికెల్, చివర్లో క్రోమ్ వేస్తారు. చవకగా కానిచ్చే చోట రాగి దశ ఎగ్గొట్టి, గుంటలు పోయే దాకా ఉక్కునే బఫింగ్ చక్రానికి అరగదీస్తారు. పని అయ్యాక మెరుస్తుంది. అయితే బంపర్ మధ్యలో ఉండాల్సిన కోణపు గీత మొండిబారిపోతుంది, అచ్చు గుర్తులు మాయమవుతాయి, చతురస్రపు కన్నాలు గుండ్రబడతాయి. ట్యూబ్‌లైటు కింద పెట్టి చూస్తే ప్రతిబింబం పాములా వంకర్లు పోతుంది.

అందుకే ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. అంచులకు, మధ్య గీతకు అట్ట నమూనా తీసి పెట్టుకోండి. "గుంటలు రాగితో పూడ్చండి, ఉక్కు అరగదీయకండి" అని కాగితం మీద రాసివ్వండి. వెనకవైపు గుర్తు ఉంటే అక్కడ టేపు అంటించి చూపించండి. 1920లు, 30ల కార్ల బంపర్లు స్ప్రింగ్ ఉక్కు పట్టీలతో చేసినవి ఉంటాయి. అలాంటివాటికి ఇంకో గండం ఉంది. యాసిడ్‌లో ముంచినప్పుడు, పూత వేసేటప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి చేరి పెళుసు చేస్తుంది. ప్లేటింగ్ అయిన వెంటనే ఓవెన్‌లో కొన్ని గంటలు వేడి చేస్తే గానీ ఆ పెళుసు పోదు. ఈ సంగతి అడిగితే తెలియదన్న షాపుకు అలాంటి బంపర్ ఇవ్వకపోవడమే మేలు.

ఆర్టీఏ లెక్కలో బంపర్ ఎక్కడ?

కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడిన బండ్లకు ఇది వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000. పదేళ్లు చెల్లుతుంది. నంబర్ ప్లేటు మీద రాష్ట్ర అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. బంపర్ పేరు అందులో లేదు. అంటే నకలు బంపర్ ఉన్నంత మాత్రాన కొంప మునిగిపోదు. కానీ బంపర్ కోసం ఛాసిస్ కొమ్ములు కోసి వెల్డింగ్ పెడితే ఆ షరతు మెడకు చుట్టుకోవచ్చు. ఇంకో మాట. ఈ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతులకు, పెట్రోలు కొట్టించడానికే రోడ్డెక్కించాలి. పెళ్లిళ్లకు అద్దెకు తిప్పుతామంటే కుదరదు. ఇనప గార్డుల సంగతీ తెలిసిందే, అవి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది.

అసలు రూపం అంటే ఎప్పుడూ ఫ్యాక్టరీ రూపమేనా? అన్నిసార్లూ కాదు. ఎన్టీఆర్ చైతన్య రథం పాత షెవర్లే వ్యాన్‌ను మార్చి చేయించింది. దాన్ని ఎవరైనా ఫ్యాక్టరీ షెవర్లేలా "రీస్టోర్" చేస్తే అంతకంటే అపచారం ఉండదు. 1982, 83లలో జనం చూసిన రూపమే దానికి ఒరిజినల్. మీ తాతగారు 1970లో స్వయంగా మేస్త్రీ దగ్గర కూర్చుని చేయించిన బంపర్ ఉంటే, దాన్ని ఉంచాలా, మార్చాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. అమ్మేటప్పుడు మాత్రం దాన్ని కంపెనీ బంపర్ అని చెప్పకూడదు.

కొనేటప్పుడు బిల్లు అడగండి. బిల్లు మీద "ఒరిజినల్" లేదా "నకలు" అని రాయించుకోండి. అసలుది కాకపోయినా అసలుదని చెప్పి అమ్మే వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం నకిలీ సరుకు కిందే లెక్కేస్తుంది. ఆ రాత లేకపోతే రేపు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా, జిల్లా కమిషన్‌కు వెళ్లినా చూపించడానికి ఏమీ ఉండదు. తుక్కు యార్డుల నుంచి తెచ్చుకునేవాళ్లకు కూడా బిల్లు తప్పనిసరి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. ఒకప్పుడు కలెక్టర్లు, ఇంజినీర్లు తిరిగిన అంబాసిడర్లు అలా తుక్కుకు చేరుతున్నాయి. అసలు బంపర్లు ఇంకా మిగిలి ఉన్నాయంటే అలాంటి బండ్ల మీదే, అవి గ్యాస్ కట్టర్ కింద పడకముందే అడగాలి.

నకలు బంపరే బిగించుకోవాలని నిర్ణయించుకున్నా ఫర్వాలేదు, రోజూ తిప్పే బండికి అదే నయం కూడా. ఊడదీసిన పాతదాన్ని మాత్రం ప్లేటింగ్ షాపులో వదిలేసి రాకండి. మట్టి కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచి, దాని బోల్టులు, పట్టీలు ఓ సంచిలో వేసి దానికే కట్టండి. ఏ బండిది, ఏ ఏడాదిది, ఎప్పుడు తీశారు అని చీటీ రాసి అటక మీద పెట్టండి.